సీలు వేసిన జత

మా కంపెనీలో ఆ అమ్మాయిని అందరూ బొటనవేలు అని పిలిచేవారు. తోలు ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపి, దాని మందం ఎంతో చెప్పేసేది. మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా పట్టేసేది. కటింగ్ మేస్త్రీ మొదట్లో నమ్మలేదు. ఒకరోజు ఆమె కళ్ళకి గుడ్డ కట్టి పన్నెండు ముక్కలు చేతికిచ్చాడు. పదకొండు సరిపోయాయి. పన్నెండోది మాత్రం తప్పన్నాడు. "మీ కొలిచే మిషన్ ఓసారి చూపించుకోండి మేస్త్రీ గారూ" అంది. చూపిస్తే నిజంగానే దాని స్ప్రింగు వదులైపోయి ఉంది. ఆ రోజుతో ఆ పేరు ఖాయమైపోయింది.

మేం తయారుచేసేది తోలు గ్లౌజులు. వెల్డింగు చేసేవాళ్ళు, ఇనుప రేకులు మోసేవాళ్ళు వేసుకునేవి. నూట నలభై మంది కూర్చుని కుట్టే పెద్ద షెడ్డు, దాన్ని ఆనుకుని రెండంతస్తుల ఆఫీసు. సరుకంతా ఓడెక్కి బయటి దేశాలకి పోయేది. నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. కంప్యూటరు ఇంకా మా మెట్లెక్కని రోజులవి. ఫ్యాక్సు మిషన్ మాత్రం కొత్తగా వచ్చి, కొత్త అల్లుడిలా ఏసీ గదిలో కూర్చుంది.

యజమాని ఆ అమ్మాయికి సొంత మేనమామ. తల్లి పోయాక ఆరేళ్ళ పిల్లని తెచ్చి ఆయనే పెంచుకున్నాడు. ఆమె ఆఫీసులో కూడా మామయ్యా అనే పిలిచేది. వినీ వినీ మిగతా అందరికీ అదే అలవాటైపోయింది. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా మామయ్యగారూ అంటూ లేచి నిలబడేవాడు. ఆయన మంచివాడు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. కుట్టుమిషన్ దగ్గర ఎవరికైనా సూది దిగితే తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. చెడ్డవాడైతే ఇందులో చెప్పుకోవడానికి ఏముంది? చెడ్డవాణ్ణి నమ్మి మోసపోతే అది మన తెలివితక్కువతనం కిందికే వస్తుంది.

ఇంటర్ అయ్యాక ఆమెని శాంపిల్ గదిలో పెట్టాడాయన. ఆ గది గురించి కొంచెం చెప్పాలి. బయటి కంపెనీవాళ్ళు ఆర్డరు ఇచ్చేముందు మేం ఒక నమూనా కుట్టి చూపిస్తాం. నచ్చితే అచ్చం అలాంటివే రెండు జతలు తీసి, రెండు గుడ్డసంచుల్లో పెట్టి, తాడు బిగించి, సీసపు సీలు వేస్తాం. ఒకటి వాళ్ళకి పోతుంది, ఒకటి మా దగ్గర ఉంటుంది. సంచికి ఒక అట్టముక్క కడతాం. దాని మీద ఆర్డరు నంబరు, తోలు మందం, తేదీ నేను టైపు చేయాలి, కింద ఆమె సంతకం పెట్టాలి. సరుకు ఓడెక్కేముందు వాళ్ళ మనిషి వచ్చి, ఆ సీలు విప్పి, లోపలి జతతో మా సరుకుని పోల్చి చూస్తాడు. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు కంపెనీలకి మధ్య ఉన్న నమ్మకమంతా ఆ గుడ్డసంచిలో ఉంటుంది. ఆ సంచులన్నిటికీ ఆమె కాపలా.

డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేసిన ఏడాది, అంతర్జాతీయ వ్యాపారం కోర్సు చదువుతానంది. సాయంకాలం కాలేజీ. రెండేళ్ళు. మామయ్యగారు మరో మాట లేకుండా చేర్పించాడు. "నాలుగు దేశాలు తిరిగి నాలుగు ఆర్డర్లు పట్టుకొస్తే నాకేం చేదా?" అని అందరిముందూ నవ్వాడు. ఆ కాలేజీ చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది. తరగతి గదిలో గోడంత ప్రపంచపటం, అందులో ఓడరేవులన్నిటికీ గుండుసూదులు. కింది దుకాణంలోంచి కొత్త తోలు వాసన వస్తుంటే పాఠం మధ్యలో కూడా తన బొటనవేలు ఊరుకోదని నవ్వుతూ చెప్పేది.

రెండేళ్ళూ ఆ పాఠాలు నేను కూడా విన్నట్టే. మధ్యాహ్నం భోజనానికి నా గదికే వచ్చేది. సరుకు పాడైతే బాధ్యత ఎవరిదన్న పాఠం చెప్పిన మర్నాడు, నా క్యారియర్ మూత పట్టుకుని, "అక్కా, ఇది నీ బల్ల మీదికి చేరేదాకా వండినవాళ్ళ పూచీ. మూత తీసిన క్షణం నుంచి నీ పూచీ. ఉప్పెక్కువైందని ఇప్పుడు బావగారిని అనకూడదు" అంది. మా ఇంట్లో వంట మా ఆయనే చేస్తాడని కంపెనీ అంతటికీ తెలుసు. ఆయనకి నిలకడైన పనిలేదు. నా జీతంతోనే ఇల్లు గడిచేది.

నా గదిలో మూలన చెడిపోయిన టెలిఫోను ఒకటుండేది. రిసీవరు చెవికి పెట్టుకుని దాంట్లో బయటిదేశపు వాళ్ళతో మాట్లాడుతున్నట్టు సాధన చేసేది. ముందు వాళ్ళ భాషలో పలకరింపు, తర్వాత వాతావరణం, ఆ తర్వాతే వ్యాపారం. తొందరపడి ధర మాట ఎత్తితే కొన్ని దేశాల్లో మర్యాద కాదట. నన్ను అవతలివాడిగా ఉండమనేది. నేను బిగుసుకుపోయి, "సరే, మీ సరుకు తీసుకుంటాం" అని ఒక్కమాటలో తేల్చేస్తే, ఇలాంటి కొనుగోలుదారు దొరికితే ప్రపంచంలో కాలేజీలే అక్కర్లేదని పకపకా నవ్వేది. నాకు ఇద్దరూ మగపిల్లలు. ఇలాంటి ఆడపిల్ల ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు అర్హత లేదని తెలుసు. అయినా రాస్తున్నాను.

మా సరుకులో ముప్పాతిక వంతు ఒకే పెద్ద కంపెనీ కొనేది. వాళ్ళ తరఫున తనిఖీకి వచ్చే పెద్దావిడకి ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకొకటి. షెడ్డులో వాళ్ళంతా ఆమెని రెండుజోళ్ళావిడ అనేవారు. ఆవిడ ఎవరినీ ఓ పట్టాన మెచ్చుకునే రకం కాదు. బొటనవేలు తన ముందు కళ్ళు మూసుకుని తోలు కొలిచి చూపించిన రోజున మాత్రం రెండు జోళ్ళూ తీసి బల్ల మీద పెట్టింది. ఆ కంపెనీ ఏటా వేరువేరు దేశాల నుంచి చదువుకునే పిల్లల్ని కొందరిని ఏరి, తమ ప్రధాన కార్యాలయంలో మూడేళ్ళు పని నేర్పి, తర్వాత ఏదో ఒక దేశంలో కొనుగోలు ఆఫీసరుగా వేసేది. వయసు ఇరవై ఆరు దాటకూడదు. ఆమె కాలేజీ నుంచి ఆ ఏడు ఒక్కరినే తీసుకుంటామన్నారు. చివరి పరీక్షలకి నెల ముందు ఇంటర్వ్యూ జరిగింది. బొటనవేలుని తీసుకున్నారు.

ఆమెకప్పుడు ఇరవై నాలుగు. ఆ కబురు ముందుగా మామయ్యగారికే చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి, షెడ్డులోకి వెళ్ళి, మిషన్లన్నీ ఆపించి మరీ చెప్పాడు. మా ఇంటి పిల్ల మన గ్లౌజులు కొనే కుర్చీలో కూర్చోబోతోందన్నాడు. ఆయన కళ్ళు తడిసిన మాట నేను నా కళ్ళతో చూశాను.

అయితే పరీక్షలకి ఎనిమిది రోజులు సెలవు కావాలి. ఆ ఎనిమిది రోజుల్లో కొత్త నమూనా ఏదైనా సీలు వేయాల్సి వస్తే ఎలా? ఆమె ఐదు ఖాళీ అట్టముక్కల మీద కింద సంతకం పెట్టి మామయ్యగారి సొరుగులో ఉంచి వెళ్ళింది. ఖాళీ కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టకండని వాళ్ళ మాస్టారు మొదటి నెలలోనే చెప్పాడట. ఆ పాఠం నాకు అప్పజెప్పింది కూడా తనే. కానీ ఆ జాగ్రత్త పరాయివాళ్ళ దగ్గర. మామయ్య దగ్గర ఏం జాగ్రత్త? నేను కూడా చూస్తూ ఊరుకున్నాను, నాకూ తప్పనిపించలేదు.

ఆ వారమే ఆ పెద్ద కంపెనీ ఆర్డరుకి తోలు వచ్చింది. ఒకటి పాయింటు రెండు మిల్లీమీటర్లు ఉండాల్సింది, సున్నా పాయింటు తొమ్మిది వచ్చింది. వెనక్కి పంపితే ఓడ తప్పిపోతుంది. మామయ్యగారు రెండు రోజులు భోజనం సరిగ్గా చేయలేదు. మూడో రోజు కటింగ్ మొదలుపెట్టించాడు. నాలుగో రోజు ఒక సంతకం పెట్టిన అట్టముక్క తెచ్చి నాకిచ్చి, ఆ ఆర్డరు నంబరే, ఆ పాత తేదీయే వేసి, మందం సున్నా పాయింటు తొమ్మిది అని కొట్టమన్నాడు. అసలు అట్ట నేనే టైపు చేశాను. అది ఒకటి పాయింటు రెండు కదండీ అన్నాను. "మారిందమ్మా" అన్నాడు. అంతే. నేను కొట్టి ఇచ్చాను.

అంటే సీలు విప్పి, అసలు జత తీసేసి, పల్చటి తోలు జత పెట్టి, మళ్ళీ సీలు వేశాడన్న మాట. సీసం నొక్కే పట్టకారు ఆయన గదిలోనే ఉండేది. ఆ వారం రెండుజోళ్ళావిడ రాలేదు. బదులుగా వచ్చిన ఏజెంటు సంచి విప్పి, జతని జతతో పోల్చి, ఒకేలా ఉన్నాయని సంతకం చేసి, టీ తాగి వెళ్ళిపోయాడు. సరుకు ఓడెక్కింది. బొటనవేలు పరీక్షలు రాసి వచ్చింది. బీరువాలో సంచి ఎక్కడిదక్కడే ఉంది. ఎవరికీ ఏమీ జరగలేదు.

ఆరు వారాలకి ఫ్యాక్సు వచ్చింది. గ్లౌజులు పదిరోజుల్లో అరచేతి దగ్గర చిరిగిపోతున్నాయి, మా దగ్గరున్న సీలు జతకీ మీ సరుకుకీ పొంతన లేదు, జవాబు చెప్పండి అని. మామయ్యగారు నన్ను పిలిచి తలుపు వేయించాడు. కిటికీ వైపు తిరిగి నిలబడి ఉత్తరం చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన ఉత్తరం చెబుతూ ఒక్కమాట కూడా కొట్టివేయించకపోవడం అదే మొదటిసారి. మా శాంపిల్ గది చూసే అమ్మాయి చదువు ధ్యాసలో పడి, మీకు ఒక మందం జత పంపి, మా బీరువాలో వేరే ఆర్డరు జతకి సీలు వేసింది, కటింగువాళ్ళు ఆ జతనే అనుసరించారు, సంతకం ఆమెదే, అట్ట జతపరుస్తున్నాం, కంపెనీకి దురుద్దేశం లేదు, ఇక మీదట ఆమెకి ఇలాంటి బాధ్యత ఇవ్వడం జరగదు. ఇదీ ఉత్తరం. ఆ అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోబోయే కంపెనీకే.

నేను షార్ట్‌హ్యాండు రాసుకున్నాను. పెన్సిలు ఎక్కడా ఆగలేదు. నా గదికి వచ్చి కొట్టాను. ఉత్తరానికి అడుగున ఎడమవైపు, చెప్పినవారి పొడి అక్షరాలు, ఒక గీత, టైపు చేసినవారి పొడి అక్షరాలు వేయడం ఆఫీసుల్లో పద్ధతి. నేను వేశాను. కావాలనే వేశానని, ఏదో ఒకనాటికి సాక్ష్యంగా ఉంటుందని వేశానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. అబద్ధం. ఇరవై రెండేళ్ళ అలవాటు. చేతులు వాటంతటవే వేశాయి. మామయ్యగారు అడుగుదాకా చదవకుండానే సంతకం పెట్టాడు. నకలు ఫైల్లో పెట్టొద్దని తీసుకుని జేబులో మడిచి పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బొటనవేలు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ కంపెనీ అడిగిన కాగితాలు టైపు చేసిపెట్టమంది. అందులో ఒకటి తన అనుభవం గురించి. చెప్పింది చెప్పినట్టు కొట్టాను. శాంపిల్ గది బాధ్యత, ఆరేళ్ళు. తన సీలు మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ వాక్యం దగ్గర తను కాస్త ఆగి, "గొప్పలు చెప్పుకుంటున్నట్టుందా అక్కా? ఉంచనా, తీసేయనా?" అని అడిగింది. ఉంచమన్నాను. ఏం నోరది నాది? తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఆ కాగితాలకి గుండుసూది కూడా గుచ్చి ఇచ్చాను.

అలా పదకొండు రోజులు. రోజూ భోజనానికి వచ్చేది. ఆ దేశంలో చలి ఎక్కువంటున్నారు, కోటు ఇక్కడ కుట్టించుకోవాలా అక్కడ కొనుక్కోవాలా అని అడిగేది. ఇంటికెళ్ళి మా ఆయనకి కూడా చెప్పలేదు. పెద్దవాళ్ళ విషయం, మామా మేనకోడలు చూసుకుంటారు, ఆయన ఏదో ఉపాయం ఆలోచించే ఉంటాడు, నాకెందుకని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మించి గొంతు కోసేవాడికి కత్తి ఒక్కటే చాలదు, పక్కన దీపం పట్టుకునేవాళ్ళు కూడా ఉండాలి.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె కాలేజీ నుంచి వచ్చింది. ఆ కంపెనీ కాలేజీకి ఫ్యాక్సు పంపింది. ఎంపికని ఉపసంహరించుకుంటున్నాం, కారణం జతచేసిన ఉత్తరంలో ఉంది అని. మాస్టారు పక్కకి పిలిచి చదివించాడట. శుక్రవారంలోగా మీ కంపెనీ నుంచి ఎవరైనా అసలు జరిగింది రాసిస్తే కాలేజీ తరఫున పంపుతాను, రెండుజోళ్ళావిడ కూడా నమ్మలేక ఆగి చూస్తోందట, ఒక్క కాగితం చాలు అన్నాడట. అప్పటికి మంగళవారం.

ఆమె సరాసరి శాంపిల్ గదిలోకి వెళ్ళింది. సంచి విప్పి లోపలి గ్లౌజుని బొటనవేలితో నలిపింది. తర్వాత ఆ అట్టా, మాస్టారిచ్చిన ఆ ఉత్తరం నకలూ పట్టుకుని నా గదికి వచ్చి, రెండూ నా ముందు పెట్టింది. ఏడుపు లేదు. ఉత్తరం అడుగున ఉన్న రెండక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇవి నీవే కదా అక్కా?"

అవునన్నాను. చెప్తే కొట్టానమ్మా అన్నాను. ఆమె తేదీ చూసింది. నా వైపు చూసింది. దీని మర్నాడే కదూ నా కాగితాలు టైపు చేసిపెట్టావు అని అడగాలి నిజానికి. అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చి కాళ్ళ మీద పడేదాన్నేమో. "సరే, నువ్వు చూశావు. అది చాలు. నాతో రా" అని మాత్రం అంది. నేను తన పక్షాన ఉన్నానని అప్పటికీ అనుకుంటోంది.

మామయ్యగారి గదిలోకి వెళ్ళాం. ఆయన కాగితాలు చూసి ఏదీ కాదనలేదు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఎందుకు మామయ్యా అని అడిగింది. ఆయన బల్ల మీద అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. ఆ ఆర్డరు పోతే నూట నలభై మంది రోడ్డున పడతారన్నాడు. ఎవరి మీదో ఒకరి మీద వేయక తప్పలేదన్నాడు. అయితే నా మీదే ఎందుకని మళ్ళీ అడిగింది.

"మేస్త్రీ మీద వేస్తే యూనియన్ ఊరుకోదు. నా మీద వేసుకుంటే కంపెనీయే ఉండదు. నువ్వు నా పిల్లవి. సొంతదానివి కాబట్టే నీ మీద వేశానమ్మా. పరాయివాళ్ళు ఎవరు పడతారు చెప్పు?"

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కంచే చేను మేస్తుందని అంటారు గానీ, మేస్తూ మేస్తూ ఇది నా చేను కాబట్టే మేస్తున్నానని చెప్పిన కంచెని నేను అక్కడే చూశాను. నీకు ఇక్కడే మంచి కుర్చీ వేస్తాను, బయటి దేశాలకి నువ్వే వెళ్దువుగాని, మన కంపెనీ తరఫునే తిరుగుదువుగాని అని కూడా అన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. నీ పేరు పెట్టొద్దు, తోలు తప్పు వచ్చిందని, సంచి మార్చింది నేను కాదని రాయి, చాలు అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడామె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాయకపోతే పోనీ. అక్క రాసిస్తుంది. రెండో అట్ట టైపు చేసింది అక్కే, ఉత్తరం రాసుకుంది అక్కే. అంతా తెలుసు" అంది.

మామయ్యగారు నా వైపు తిరిగాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కోపం చూస్తే నాకూ రోషం వచ్చేదేమో. ఆయన మెత్తగా, ఇంట్లోవాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"నీకేమైనా గుర్తుందా అమ్మా?"

ఆమె చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. నాకు నా ఇద్దరు పిల్లలు, ఇంట్లో గరిటె పట్టుకుని నిలబడ్డ మా ఆయన కళ్ళముందు కదిలారని చెబితే మీరు జాలిపడతారు. ఏదీ కదల్లేదు. ఆలోచన కూడా రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఏది చెబితే అది కొట్టిన దాన్ని. ఆయనకేం కావాలో ఆ ప్రశ్నలోనే ఉంది.

"నాకేం గుర్తులేదండీ" అన్నాను.

బొటనవేలు నా చెయ్యి వదిలేసింది. విదిలించుకోవడం కాదు, ఎవరిదో వస్తువు పొరపాటున పట్టుకున్నట్టు వదిలేసింది. నన్నొక్కసారి చూసింది. మామయ్యగారు చేసిన దాన్ని ఆమె ఎప్పటికైనా క్షమిస్తుందేమో, నన్ను క్షమించదని అప్పుడే అర్థమైంది. ఆయనకి కనీసం కాపాడుకోవడానికి ఒక కంపెనీ ఉంది.

ఆ సాయంత్రమే ఇల్లు వదిలి, కాలేజీలో తనతో చదివిన అమ్మాయి గదికి వెళ్ళిపోయింది. మామయ్యగారి భార్య బట్టలు సర్ది పంపింది. శుక్రవారం వచ్చింది, పోయింది. ఏ కాగితమూ వెళ్ళలేదు. ఆమె స్థానంలో ఆ ఏడు ఇంకో కాలేజీ వాళ్ళని తీసుకున్నారట. వచ్చే నెల నుంచి శాంపిల్ గది కూడా నన్నే చూడమన్నాడు మామయ్యగారు. జీతం కాస్త పెంచాడు. వద్దనలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ పెద్ద కంపెనీ మరో రెండు ఆర్డర్లు ఇచ్చి, మర్యాదగా తప్పుకుంది. నెమ్మదిగా షెడ్డులో మిషన్లు సగం మూతపడ్డాయి. పదో ఏడు మామయ్యగారికి గుండెపోటు వచ్చింది. ఆయన పోయిన నెలకే కంపెనీ తలుపులు మూసేశారు. చివరి రోజుల్లో చూడ్డానికి ఆమె ఆసుపత్రికి వచ్చి ఒక రాత్రంతా ఆయన మంచం పక్కన కూర్చుందని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను వెళ్ళింది మర్నాడు.

ఆమె రేవు దగ్గర ఎగుమతి కాగితాలు తయారుచేసే ఆఫీసులో చేరిందని తెలుసు. చదివిన చదువు వ్యర్థం కాలేదు, కానీ ఓడలు ఎక్కేవి మాత్రం సరుకులూ కాగితాలే. పెళ్ళి చేసుకుంది, ఒక పాప ఉంది. ఆ ఆఫీసులో పై అధికారి అయిందని కూడా ఎవరో చెప్పారు. ఆ వీధిలోంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా నేను రెండోవైపు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

మామయ్యగారు పోయిన మూడు నెలలకి ధైర్యం తెచ్చుకున్నాను. ధైర్యమా అది? భయపడాల్సిన మనిషి లేడు, పోవాల్సిన ఉద్యోగం లేదు. ఇంట్లో కూర్చుని, జరిగిందంతా తేదీలతో సహా మూడు పేజీలు చేత్తో రాశాను. అడుగున నా పూర్తి పేరు పెట్టి సంతకం చేశాను. పట్టుకుని వెళ్ళాను.

మెట్లెక్కగానే పొడుగాటి గది. నాలుగు బల్లలు, గోడలనిండా ఫైళ్ళు, ఫ్యాను గాలికి ఎగరకుండా కాగితాల మీద పెట్టిన ఇనుప నట్లు. చివరి బల్ల ఆమెది. కాస్త లావైంది. కళ్ళజోడు వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది. "రండి, కూర్చోండి" అంది. మంచినీళ్ళు తెప్పించింది. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని, అబ్బాయిలు ఏం చేస్తున్నారని అడిగింది. అక్కా అనలేదు. కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలో, మొదట పలకరింపు, తర్వాత క్షేమసమాచారం, ఆ తర్వాతే పని, అన్నీ పద్ధతిగా జరిగాయి.

నేను కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజు జరిగిందంతా రాశానమ్మా, ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపుకో, ఎవరడిగినా వచ్చి చెప్తాను అన్నాను. ఆమె మొదటి పేజీ చదివింది. రెండోది తిప్పింది. మూడోదాని అడుగుదాకా నిదానంగా చదివి, అంచులు సరిచేసి, నా వైపు జరిపింది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా అండీ?"

వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. అప్పుడు కూడా గుర్తే ఉందమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. అప్పుడే లోపలికి ఎవరో రేవు నుంచి వచ్చి ఏదో ఓడ గురించి అడిగితే జవాబు చెప్పి పంపింది. తర్వాత నన్ను మెట్లదాకా దిగబెడుతూ, మామూలుగా, ఏదో వివరం తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

"ఆ ఉద్యోగానికి ఇరవై ఆరు దాటకూడదండీ. నాకు ముప్పై నాలుగు."